సోర్స్ కోడ్‌ను బిల్డ్ చేసుకునే వసతి మా పిల్లలకు కల్పించండి: ఇంజనీరింగ్ కాలేజీల పెద్దలకు కడప నుంచి బహిరంగ లేఖ

కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల ఇంజనీరింగ్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతులకు, ల్యాబ్ ఇన్‌ఛార్జులకు,

నమస్కారం.

నేను కడపలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న ప్రోగ్రామర్‌ని. ఆదివారాలు కొంతమంది బీటెక్ విద్యార్థులతో కూర్చుని, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేయడం (అంటే రాసిన కోడ్‌ను కంపైల్ చేసి కంప్యూటర్ నడపగల ప్రోగ్రాంగా మార్చుకోవడం), అందులో చిన్న చిన్న తప్పులు దిద్ది ఆ ప్రాజెక్టులకు పంపడం నేర్పుతుంటాను. జమ్మలమడుగు, బద్వేలు, రాయచోటి వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు వీళ్లు. వాళ్ల తరఫున ఒక కాలేజీకి వినతిపత్రం ఇచ్చాం. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను. నేను చూసినంతలో ఈ ఇబ్బంది ఆ ఒక్క చోటిదే కాదు.

మేం అడిగింది పెద్దదేమీ కాదు. ల్యాబ్ కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టం కొత్తది వేయమన్నాం. ఒకసారి దించుకున్న ప్యాకేజీలను దాచిపెట్టే చిన్న సర్వర్ పెట్టమన్నాం. పెద్ద ప్రాజెక్టులు కంపైల్ చేసుకోవడానికి గట్టి మెషిన్ ఒకటి ఇమ్మన్నాం. ప్రిన్సిపాల్ గారు మర్యాదగా విని విభాగానికి పంపారు. విభాగం ల్యాబ్‌కు పంపింది. అక్కడ ‘నెట్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే అయిపోయేదానికి కంపైల్ ఎందుకు?’ అని అడిగారు. జవాబు రాసి ఇచ్చాం. ‘వచ్చే బడ్జెట్‌లో చూద్దాం’ అన్నారు. బడ్జెట్ వచ్చింది, విద్యాసంవత్సరం మారింది, ఫైలు మాత్రం కదల్లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్తాను. వాడుకోవడానికైతే డౌన్‌లోడ్ చాలు, నిజమే. మార్చాలంటే మాత్రం బిల్డ్ చేయాల్సిందే. మన తెలుగుకు సంబంధించిన మూడు సాఫ్ట్‌వేర్ల సంగతి చూడండి. తెరమీద వత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోబెట్టే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ (వేరే ప్రోగ్రాంలు వాడుకునే సిద్ధంగా ఉన్న కోడ్) చేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రే ఆఫీస్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది అదే. చూపులేని వాళ్లకు తెరమీది తెలుగును చదివి వినిపించే సాధనాల్లో ఈస్పీక్ ఎన్‌జీ ఒకటి. తెలుగు ఉచ్చారణ నియమాలు దాని సోర్స్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి, తెలుగు బాగా వచ్చిన పిల్లలెవరైనా చదివి దిద్దగలరు. ఇక స్కాన్ చేసిన పేజీలోని అక్షరాలను యూనికోడ్‌గా మార్చేది టెసరాక్ట్. తాళపత్రాలు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, ప్రతులు పోల్చి చూపించిన సి.పి. బ్రౌన్ ఉన్న ఊరు మాది. ఆయన పేరు మీద భాషా పరిశోధన కేంద్రం నడుస్తున్న ఊళ్లో చదివే పిల్లలకు, పాత తెలుగు పుస్తకాలను కంప్యూటర్ చేత చదివించాలన్న కోరిక పుట్టడంలో వింతేముంది? ఈ మూడింటి సోర్సూ బహిరంగంగానే ఉంది. తప్పు కనిపిస్తే దిద్దుకునే హక్కు లైసెన్సే ఇచ్చింది. ఆ సోర్స్ మా పిల్లల చేతిలో కంపైల్ కాకపోతే ఆ హక్కు వాళ్లకు లేనట్టే.

అసలు అడ్డం పడేదేమిటో ఇప్పుడు చెప్తాను. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదీ ఒక్కటే కంపైల్ కాదు. దానికి వేరే లైబ్రరీలు కావాలి, ఆ లైబ్రరీలకు ఇంకొన్ని కావాలి, వీటన్నిటినీ కట్టడానికి ఫలానా వెర్షన్ కంపైలర్, ఫలానా వెర్షన్ బిల్డ్ సాధనాలు కావాలి. వీటినే బిల్డ్ డిపెండెన్సీలు అంటాం. టెసరాక్ట్‌నే తీసుకుంటే, అది బొమ్మ ఫైళ్లను చదవడానికి లెప్టోనికా అనే లైబ్రరీ మీద ఆధారపడుతుంది. లెప్టోనికాకు పీఎన్‌జీ, జేపెగ్, టిఫ్, జెడ్‌లిబ్ లైబ్రరీలు కావాలి. కొత్త అచ్చు ఫాంటుకు శిక్షణ ఇచ్చే సాధనాలు కూడా కావాలంటే ఐసీయూ, పాంగో, కైరో అనే లైబ్రరీలు ఉండాలి. ఇక్కడ ‘ఉండాలి’ అంటే నడవడానికి కావలసిన లైబ్రరీ ఫైలు ఉంటే సరిపోదు, కంపైలర్ చదివే హెడర్ ఫైళ్లు (లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో చెప్పేవి) ఉండాలి. లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటుల్లో అవి ‘డెవ్’ అనే తోకతో, ఫెడోరాలో ‘డెవెల్’ అనే తోకతో విడి ప్యాకేజీలుగా వస్తాయి. ‘పీఎన్‌జీ లైబ్రరీ మా ల్యాబ్‌లో ఉంది కదా’ అని ఇన్‌ఛార్జి గారు అంటారు. ఉంటుంది కూడా. కంపైలర్ మాత్రం పీఎన్‌జీ డాట్ హెచ్ ఫైలు లేదని ఆగిపోతుంది. ఇద్దరి మాటా నిజమే, నలిగిపోయేది మధ్యలో ఉన్న విద్యార్థి.

అలా ఆగిపోతే ఒక విధంగా మేలే, లోపం ఎక్కడో తెలుస్తుంది. ఆగకుండా పూర్తయ్యే బిల్డ్‌తోనే అసలు చిక్కు. లెప్టోనికాకు పీఎన్‌జీ హెడర్లు దొరక్కపోయినా అది కంపైల్ అవుతుంది, ఆ ఒక్క సౌకర్యం వదిలేసి. దాని మీద టెసరాక్ట్ కూడా కంపైల్ అవుతుంది. స్క్రీన్ మీద తప్పు ఏదీ కనిపించదు. తీరా స్కాన్ చేసిన పీఎన్‌జీ పేజీ ఇస్తే, ఆ ఫంక్షనే లేదని మెసేజ్ వస్తుంది. శిక్షణ సాధనాలదీ ఇదే కథ. ఐసీయూ లేకపోతే కాన్ఫిగర్ దశలో (కంపైల్‌కు ముందు కావలసినవి ఉన్నాయో లేదో చూసే దశ) ఒక హెచ్చరిక వచ్చి, వందల లైన్ల మధ్య పైకి వెళ్లిపోతుంది. ఈస్పీక్ ఎన్‌జీకి పీసీఆడియోలిబ్ అనే చిన్న లైబ్రరీ లేకుండా బిల్డ్ చేస్తే, బిల్డ్ చక్కగా ముగుస్తుంది, స్పీకర్లో మాత్రం మాట రాదు. ఆడియో ఫైలుగా రాసిపెట్టడం వరకే చేస్తుంది. సౌండ్ కార్డు పాడైందేమో, స్పీకర్ వైరు ఊడిందేమో అని పిల్లలు వెతుక్కుంటూ కూర్చుంటారు. విద్యార్థి ఉత్సాహాన్ని ఎక్కువగా చంపేది ఈ రకం లోపమే అని నా అభిప్రాయం. ఎర్రర్ మెసేజ్ ఉంటే ఎవరినైనా అడగొచ్చు, మెసేజే లేకపోతే ఏమని అడగాలి?

ఇంకో చిక్కు కూడా తరచుగా చూస్తుంటాను. ప్యాకేజీగా వచ్చిన పాత లెప్టోనికా ఒక చోట, విద్యార్థి స్వయంగా బిల్డ్ చేసిన కొత్తది యూజర్ లోకల్ ఫోల్డర్‌లో మరో చోట ఉంటాయి. ఒకదాని హెడర్లతో కంపైల్ అయిన ప్రోగ్రాం నడిచేటప్పుడు రెండోదాన్ని పట్టుకుంటుంది. కంపైల్ చేసేటప్పుడు లైబ్రరీ ఎక్కడుందో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ ఏ దారిలో వెతుకుతోంది, ప్రోగ్రాం నడిచేటప్పటి లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీ-కాన్ఫిగ్ నడిపారా లేదా అన్నది చూడటం ఎవరైనా పక్కన కూర్చుని చూపిస్తే ఇట్టే వచ్చేస్తుంది. పక్కన కూర్చునేవాళ్లు లేకపోతే సెమిస్టర్ గడిచిపోతుంది.

వీటి ఫలితం మా పిల్లల మీద, వాళ్ల ఇళ్ల మీద ఎలా పడుతోందో వరుసగా రాస్తున్నాను.

1. డేటా ఖర్చు. క్రోమ్ బ్రౌజర్‌కు మూలమైన క్రోమియంను బిల్డ్ చేయాలంటే కనీసం 8 జీబీ ర్యామ్, 100 జీబీ ఖాళీ డిస్కు ఉండాలని ఆ ప్రాజెక్టు సూచనల్లోనే ఉంది. లిబ్రే ఆఫీస్ మొదటిసారి బిల్డ్ చేసేటప్పుడు తనకు కావలసిన బయటి లైబ్రరీల సోర్స్‌లను నెట్ నుంచి దించుకుంటుంది. హాస్టల్ విద్యార్థి దగ్గర ఉండేది రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల మొబైల్ ప్యాక్. దీనికి తోడు, సోర్స్‌ను మార్పుల చరిత్రతో సహా దించుకునే గిట్ క్లోన్ మధ్యలో తెగిపోతే ఆగిన చోటి నుంచి కొనసాగదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయి వైఫై ఆగితే ఆ రోజు డేటా అంతా వృథా. లినక్స్ కెర్నెల్ వాళ్లు ఇలాంటి నెట్ ఉన్నవాళ్ల కోసమే క్లోన్ బండిల్ అనే ఒకే ఫైలును ఉంచుతారు. అది ఆగిన చోటి నుంచి మళ్లీ దించుకోవచ్చు. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక పిల్లలు ప్యాక్ మీద ప్యాక్ వేయించుకుంటున్నారు. ఆ డబ్బు ఊళ్లో అమ్మానాన్నలు పంపేది. ఒకే హాస్టల్లో పదిమంది ఒకే ఫైలును పదిసార్లు దించుకోవడం మరీ అన్యాయం.

2. పాత ఆపరేటింగ్ సిస్టం. ఇప్పటికీ ఉబుంటు 18.04, 20.04 నడిచే ల్యాబులున్నాయి. మామూలు సపోర్టు మొదటిదానికి 2023 మేలో, రెండోదానికి 2025 మేలో ముగిసింది. 20.04తో వచ్చే సీమేక్ అనే బిల్డ్ సాధనం వెర్షన్ 3.16. ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టుకు 17వ వెర్షన్ నుంచి కనీసం 3.20 ఉండాలి. అంటే కంపైలర్ డిజైన్ పాఠం చెప్పే ల్యాబ్‌లో, ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న కంపైలర్‌ను కట్టడానికి మొదటి మెట్టు కూడా ఎక్కలేం. అలాగని అన్నీ కొత్తవి వేస్తే సరిపోతుందని నేను అనను. 2023 అక్టోబర్లో వచ్చిన పైథాన్ 3.12లో ప్యాకేజీలు కట్టడానికి వాడే డిస్ట్‌యుటిల్స్ భాగాన్ని తీసేశారు, దాని మీద ఆధారపడిన పాత బిల్డ్ స్క్రిప్టులు ఆగిపోయాయి. 2025 మార్చిలో వచ్చిన సీమేక్ 4.0, వెర్షన్ 3.5 కంటే వెనకటి పద్ధతులకు మద్దతు మానేసింది, దాంతో ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని ప్రాజెక్టులు బిల్డ్ కాకుండా పోయాయి. ఏ ప్రాజెక్టుకు ఏ వెర్షన్ కావాలో రాసిపెట్టుకోవడం, ఆ వెర్షన్‌ను మిగతావాటికి తగలకుండా విడిగా ఉంచుకోవడం, ఈ రెండూ పిల్లలకు అలవాటు చేయాలి.

3. మెమరీ. ఎల్ఎల్‌వీఎం లాంటివాటిలో కంపైల్ ఓ మోస్తరుగా సాగినా, చివర లింక్ చేసే (కంపైల్ అయిన ముక్కలను ఒక్క ప్రోగ్రాంగా కలిపే) దశలో, ముఖ్యంగా డీబగ్ బిల్డ్ అయితే, ఒక్కో లింక్ పనికే కొన్ని జీబీల ర్యామ్ పడుతుంది. 8 జీబీ మెషిన్లో నాలుగు లింకులు ఒకేసారి మొదలైతే సిస్టం వాటిని చంపేస్తుంది. ‘సిగ్నల్ 9, కిల్డ్’ అని వస్తుంది. ఏదో లైబ్రరీ తక్కువైందనుకుని విద్యార్థి మళ్లీ డిపెండెన్సీల వెంట పడతాడు. లింక్ పనులను ఒకటికి పరిమితం చేయాలని, రిలీజ్ బిల్డ్ ఎంచుకోవాలని, అన్ని ప్రాసెసర్లకూ కాకుండా తన మెషిన్‌కు సరిపడే టార్గెట్ ఒక్కటే కట్టుకోవాలని చెప్తే పని జరిగిపోతుంది.

4. భద్రత. పెద్దలు దీనిమీద ప్రత్యేకంగా ఆలోచించాలని కోరుతున్నాను. దారి మూసుకుపోయిన విద్యార్థి ఏం చేస్తాడు? ఎవరో ఎక్కడో రాసిన కమాండును కాపీ చేసి, నెట్ నుంచి వచ్చిన స్క్రిప్టును నేరుగా అడ్మిన్ అధికారంతో నడిపిస్తాడు. ఊరూ పేరూ లేని రిపోజిటరీని సిస్టంలో చేరుస్తాడు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు బయటపెట్టిన ఎక్స్‌జెడ్ ఉదంతం గుర్తు చేసుకోండి. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే ఆ కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. అది దూరింది బిల్డ్ దశలోనే. గిట్‌లో లేని ఒక మార్పు, విడుదల చేసిన టార్ ఫైలులోని ఒక బిల్డ్ స్క్రిప్టులో ఉంది. అది టెస్ట్ ఫైళ్లలో దాచిన కోడ్‌ను బయటికి తీసి లైబ్రరీలో కలిపేసింది. దూరంలోని కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆయన పట్టుబట్టి వెతకబట్టి దొరికింది. ఏ సోర్స్ ఎక్కడి నుంచి వచ్చింది, దాని చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసే సంఖ్య) ఎంత, బిల్డ్ స్క్రిప్టు ఏం చేస్తోంది అని అడిగే అలవాటు ల్యాబ్‌లోనే రావాలి. రేపు బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో నడిచే సాఫ్ట్‌వేర్‌ను కట్టేది ఈ పిల్లలే.

5. చివరి సంవత్సరం ప్రాజెక్టులు. దీని గురించి అందరికీ తెలుసు. సొంతంగా ఏదైనా కట్టడం ఇంత కష్టమైతే పిల్లలు ప్రాజెక్టు సెంటర్‌కు వెళ్లి రెడీమేడ్‌ది కొనుక్కొస్తారు. ఆ డబ్బూ ఇంట్లోవాళ్లదే.

6. వెలుగులోకి రాకుండా పోతున్న తెలుగు పని. ఈస్పీక్‌లో ఒక తెలుగు మాట తప్పుగా పలుకుతోందని చూపులేని విద్యార్థి చెప్తాడు. ఆ నియమం ఏ ఫైలులో ఉందో మా తరగతిలోని అమ్మాయిలు కనిపెడతారు కూడా. దిద్ది, బిల్డ్ చేసి, విని సరిచూసుకుంటే కదా ప్రాజెక్టుకు పంపగలిగేది. బిల్డ్ దగ్గరే ఆగిపోతే ఆ తప్పు అలాగే ఉంటుంది, దాన్ని రోజూ వినేవాళ్లు వింటూనే ఉంటారు. తెలుగు వచ్చిన ప్రోగ్రామర్లు కాకపోతే ఇది చేసేదెవరు?

ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ, కర్నూలులో ట్రిపుల్ ఐటీడీఎం, అనంతపురంలో జేఎన్‌టీయూ, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతం మనది. చదువుకునే పిల్లలకు కొదవ లేదు. మేం అడుగుతున్నవి ఇవి.

ఒకటి. ల్యాబ్‌లోని లినక్స్‌ను సపోర్టు ఉన్న వెర్షన్‌కు మార్చండి. కంపైలర్లు, సీమేక్, నింజా, మీసన్, పీకేజీ-కాన్ఫిగ్, సీక్యాష్, గిట్ లాంటి బిల్డ్ సాధనాలు ముందే వేసి ఉంచండి. సోర్స్ రిపోజిటరీల లైన్లు మామూలుగా ఆపేసి ఉంటాయి, వాటిని ఆన్ చేయండి. అప్పుడు ‘ఆప్ట్ బిల్డ్-డెప్’ అనే ఒక్క కమాండుతో, ఒక ప్యాకేజీకి డెబియన్ లేదా ఉబుంటు వాళ్లు నమోదు చేసిన బిల్డ్ డిపెండెన్సీలన్నీ దిగుతాయి. ఫెడోరాలో ‘డీఎన్ఎఫ్ బిల్డ్‌డెప్’ ఉంది. అది డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్న వెర్షన్‌కు సరిపోయే జాబితా అన్నది గుర్తుంచుకోవాలి. తాజా గిట్ సోర్స్‌కు ఒకటి రెండు అదనంగా కావలసి రావచ్చు. అయినా సగానికి పైగా కష్టం అక్కడే తీరిపోతుంది.

రెండు. క్యాంపస్‌లో ఒక ప్యాకేజీ క్యాష్ సర్వర్ పెట్టండి. మొత్తం ఆర్కైవ్‌ను తెచ్చి నింపాల్సిన పని లేదు. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ లాంటిది ఒక పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. మొదటి విద్యార్థి అడిగిన ప్యాకేజీని బయటి నుంచి తెస్తుంది, తర్వాతివాళ్లకు తన దగ్గరున్నదే ఇస్తుంది. ల్యాబ్ మెషిన్లలో ప్రాక్సీ లైను ఒకటి రాస్తే చాలు. దాని పక్కనే పెద్ద గిట్ రిపోజిటరీల నకళ్లు ఉంచి వారానికోసారి తాజా చేయండి. ‘రిఫరెన్స్’ ఆప్షన్‌తో క్లోన్ చేస్తే విద్యార్థికి బయటి నుంచి దిగేది చాలా కొద్ది. లిబ్రే ఆఫీస్ దించుకునే బయటి టార్ ఫైళ్లను కూడా అందరికీ ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టుకునే వీలుంది, కాన్ఫిగర్ చేసేటప్పుడు ఆ ఫోల్డర్ చూపిస్తే సరి. హాస్టళ్లకు కూడా ఈ సర్వర్ అందేలా చూడండి. పిల్లలు పని చేసుకునేది రాత్రిళ్లే.

మూడు. ఎక్కువ కోర్లు, 64 జీబీ ర్యామ్, పెద్ద ఎస్ఎస్‌డీ ఉన్న బిల్డ్ మెషిన్ ఒక్కటి కొనండి. ఒక్కటే అడుగుతున్నాం. ఎస్ఎస్‌హెచ్ ద్వారా అందరూ వాడుకుంటారు. దానికి యూపీఎస్ తప్పనిసరి.

నాలుగు. రీస్టార్ట్ చేయగానే ల్యాబ్ మెషిన్లు అన్నీ తుడిచేసుకునే ఏర్పాటు చాలా చోట్ల ఉంది. వైరస్‌ల భయంతో పెట్టిందే, కాదనను. గంటల తరబడి కట్టిన బిల్డ్ ఫోల్డర్ కూడా అందులో పోతోంది. విద్యార్థి హోమ్ ఫోల్డర్‌ను సర్వర్ మీద ఉంచండి.

ఐదు. నెట్‌వర్క్ ఫిల్టర్లు. కాలేజీ ప్రాక్సీ సురక్షిత కనెక్షన్ల మధ్యలో తన సర్టిఫికెట్ దూర్చితే ప్యాకేజీలు దించే పిప్, కార్గో, ఎన్‌పీఎం అన్నీ సర్టిఫికెట్ ఎర్రర్‌తో ఆగుతాయి. పిల్లలు విసిగి ఆ తనిఖీనే ఆపేస్తున్నారు. ఇది పైన భద్రత గురించి చెప్పిన ప్రమాదానికి తలుపు తెరవడమే. సోర్స్ కోడ్, ప్యాకేజీలు ఇచ్చే సైట్లను ఆ తనిఖీ నుంచి మినహాయించండి.

ఆరు. పై ఐదూ డబ్బుతో, అనుమతులతో జరిగేవి. అన్నిటికంటే ముఖ్యమనుకునేది, పైసా ఖర్చు లేనిది ఇది. ప్రాజెక్టు రికార్డులో ‘బిల్డ్ విధానం’ అనే భాగాన్ని తప్పనిసరి చేయండి. ఏ ఆపరేటింగ్ సిస్టం, ఏ కంపైలర్, ఏయే లైబ్రరీలు, ఒక్కోదాని వెర్షన్, సోర్స్ ఎక్కడి నుంచి తెచ్చారు, చెక్‌సమ్, వాడిన కమాండ్లు, లాక్ ఫైలు (ఏ లైబ్రరీకి ఏ వెర్షనో బిగించి రాసే ఫైలు) ఉండే భాషలైతే ఆ ఫైలు, ఇవన్నీ అందులో ఉండాలి. తర్వాత మరో జట్టు ఆ రాతను మాత్రమే చూసి, ఏమీ లేని ఖాళీ కంటైనర్లో (మిగతా సిస్టంకు తగలకుండా విడిగా నడిచే చిన్న లినక్స్ వాతావరణంలో) దాన్ని బిల్డ్ చేయాలి. అయితేనే మార్కులు. డెబియన్ బిల్డ్ మెషిన్లు చేసేది కూడా ఇదే. ప్రతి ప్యాకేజీని ఖాళీ వాతావరణంలో, కంట్రోల్ ఫైలులో రాసిన డిపెండెన్సీలు మాత్రమే వేసి కడతాయి. రాయడం మరిచిన లైబ్రరీ ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. ‘నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది సార్’ అనే మాటకు వైవాలో చోటు ఉండకూడదు. లెప్టోనికా, ఈస్పీక్‌ల దగ్గర చెప్పిన నిశ్శబ్ద లోపాలు కూడా దీనితోనే దొరుకుతాయి. కాన్ఫిగర్ చివర వచ్చే సారాంశంలో ఏ సౌకర్యం ఉంది, ఏది లేదు అన్నది కాపీ చేసి రికార్డులో అతికించమనండి. ఆ పట్టిక చదవడం నేర్చుకున్న పిల్లలు మళ్లీ ఆ ఉచ్చులో పడరు.

ల్యాబ్ ఇన్‌ఛార్జులు ఒక అభ్యంతరం చెప్తారని తెలుసు. విద్యార్థులకు అడ్మిన్ అధికారం ఇస్తే సిస్టంలు పాడైపోతాయి, మర్నాడు పరీక్ష ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది మేమే అంటారు. అది న్యాయమైన మాట. ఒక్కరే యాభై అరవై మెషిన్లు చూసుకునే వాళ్ల మీద ఇంకో భారం వేయమని నేను అడగను. అందుకే అడ్మిన్ అధికారం వద్దంటున్నాను. కంటైనర్లు నడిపే పాడ్‌మ్యాన్‌ను మామూలు యూజర్‌గానే నడపవచ్చు. ఇన్‌ఛార్జి గారు ఒకసారి అమర్చి ఇస్తే, విద్యార్థి తన కంటైనర్లో తనకు కావలసిన లైబ్రరీలు వేసుకుంటాడు. పాడైతే ఆ కంటైనర్ తీసేసి కొత్తది తెరుస్తాడు, ల్యాబ్ మెషిన్‌కు ఏమీ కాదు. పాత ప్రాజెక్టుకు పాత డెబియన్, కొత్తదానికి కొత్త ఫెడోరా, రెండూ ఒకే మెషిన్ మీద పక్కపక్కనే ఉంటాయి. పాత ప్యాకేజీ వెర్షన్లు కావాలంటే డెబియన్ స్నాప్‌షాట్ ఆర్కైవ్‌లో 2005 నుంచి తేదీల వారీగా ఉన్నాయి.

అధ్యాపకులకు ఒక మాట. క్రోమియంతో మొదలుపెట్టించకండి. ఈస్పీక్ ఎన్‌జీ, హార్ఫ్‌బజ్ లాంటివి మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా త్వరగా అవుతాయి, డిపెండెన్సీలు కొద్దే. తర్వాత టెసరాక్ట్, ఆ తర్వాతే లిబ్రే ఆఫీస్, ఎల్ఎల్‌వీఎం. ఫైర్‌ఫాక్స్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఆర్టిఫాక్ట్ బిల్డ్ చూపించండి. సీ ప్లస్ ప్లస్ భాగాలు ముందే కంపైల్ అయి వస్తాయి, విద్యార్థి పైభాగంలో మార్పులు చేసి వెంటనే చూసుకోవచ్చు. డిపెండెన్సీలు తెచ్చే పనిని ‘మాక్ బూట్‌స్ట్రాప్’ అనే కమాండు చాలావరకు చూసుకుంటుంది. చిన్న మెషిన్లున్న వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఒక ప్రాజెక్టు ఇంత ఏర్పాటు చేసింది. మన కాలేజీలు కూడా ఆ మాత్రం చేయగలవు.

ఈ మూడు జిల్లాల నుంచి వెళ్లి బెంగళూరులో, హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఇంజనీర్లు కూడా ఇది చదువుతున్నారనుకుంటాను. మీరు చదివిన కాలేజీకి ఒక ఉత్తరం రాయండి. వీలైతే పండక్కి వచ్చినప్పుడు ఒక పూట ల్యాబ్‌లో కూర్చోండి. మీరు ఆఫీసులో రోజూ వాడే కంటైనర్ ఫైలు, లాక్ ఫైలు ఎలా రాస్తారో చూపిస్తే చాలు.

యాజమాన్యాలకు చివరిగా విన్నవించేది ఇది. వచ్చే సెమిస్టర్ తరగతులు మొదలయ్యేలోపు పై ఆరు అంశాల్లో ఏవి చేయగలరో, ఏవి చేయలేరో, ఎందుకు చేయలేరో విద్యార్థులకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆరో అంశానికి బడ్జెట్ అక్కర్లేదు కాబట్టి దాన్ని ఈ సెమిస్టర్ రికార్డుల నుంచే అమలు చేయండి. క్యాష్ సర్వర్ అమర్చడానికి, పాడ్‌మ్యాన్ సెట్ చేయడానికి మనుషులు కావాలంటే నేనూ, నాతో ఆదివారాలు పనిచేసే మిత్రులూ సిద్ధంగా ఉన్నాం. ఏ కాలేజీ పిలిచినా సెలవు రోజున వచ్చి, మీ ల్యాబ్ సిబ్బంది పక్కనే ఉండి చేసి ఇస్తాం. దానికి రుసుమేమీ లేదు. ఒక పాత కంప్యూటర్, ఒక నెట్‌వర్క్ పాయింట్, ప్రిన్సిపాల్ గారి సంతకంతో అనుమతి పత్రం ఉంటే చాలు.

ఇట్లు,
కడప నుంచి ఒక ప్రోగ్రామర్,
ఆదివారం బిల్డ్ తరగతుల విద్యార్థుల తరఫున